షెల్స్‌లీ వాల్ష్ కొండవాలు మీద మార్షల్‌గా ఒక వారాంతం

ఇంగ్లండులో వూస్టర్ నగరం దాటి టీమ్ నది లోయలోకి ఓ పది మైళ్లు వెళితే షెల్స్‌లీ వాల్ష్ అనే చిన్న ఊరు వస్తుంది. ఒక పాత చర్చి, బాగుచేసి నిలబెట్టిన ఒక నీటి మర, ఒక జమీందారీ భవనం, చుట్టూ ఆపిల్ తోటలు, అంతే ఊరు. ఈ ఊరి పక్కనున్న కొండ మీదికి 1905 ఆగస్టు 12న తొలిసారి కార్ల పందెం జరిగింది. యుద్ధాల వల్ల వచ్చిన విరామాలను పక్కన పెడితే నాటి నుంచి నేటి దాకా అదే దారి మీద జరుగుతూనే ఉంది. తొలినాటి గెలుపు సమయం 77.6 సెకన్లు. 1907లో దారి పొడవును సరిగ్గా 1000 గజాలకు స్థిరపరిచారు. 1930లో హాన్స్ స్టక్ అనే డ్రైవరు ఆ దూరాన్ని 42.8 సెకన్లలో ఎక్కి ఐరోపా అంతా పేరు మోగించుకున్నాడు. 2008లో మార్టిన్ గ్రోవ్స్ 22.58 సెకన్లకు దించాడు. కొండ మారలేదు, దారి పెద్దగా వెడల్పు కాలేదు, దాన్ని ఎక్కడానికి పట్టే సమయం మాత్రం మూడో వంతుకు తగ్గిపోయింది.

హిల్‌క్లైంబ్ అనే ఈ కొండ పందెంలో కార్లు పక్కపక్కన పోటీ పడవు. ఒక్కొక్క కారూ ఒంటరిగా గడియారంతో పోటీ పడుతుంది. మామూలుగా రోజుకు రెండు సాధన పరుగులు, లెక్కలోకి వచ్చే పరుగులు రెండు ఉంటాయి. అంటే పోటీదారుడు తెల్లవారకముందే లేచి, కారును ట్రెయిలర్ మీద వందల మైళ్లు లాక్కొచ్చి, రోజంతా కలిపి రెండు నిమిషాలకు మించి వేగంగా నడపడు. మిగిలిన సమయమంతా ఎదురుచూపే. కావెంట్రీలో చదువుకుంటున్న మా బావమరిదిని రమ్మని పిలిచినప్పుడు, “అర నిమిషం పందెం కోసం రెండు రోజులు గుడారంలో పడుకోవాలా బావా?” అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నా అనుభవంలో ఆ మిగిలిన సమయాన్ని చూడడానికే అక్కడికి వెళ్లాలి, ఎక్కడ బస చేయాలి, ఏం తినాలి అన్న నిర్ణయాలు కూడా దాన్ని బట్టే తీసుకోవాలి.

టికెట్టు కొనుక్కుని ప్రేక్షకుడిగా వెళ్లవచ్చు, అదీ బాగానే ఉంటుంది. కంచె ఇవతల గట్టు మీద కూర్చుంటే దారిలో చాలా భాగం కనిపిస్తుంది, ప్యాడక్‌లో, అంటే కార్లను నిలిపి సిద్ధం చేసుకునే ఆవరణలో, కార్ల మధ్య స్వేచ్ఛగా తిరగవచ్చు, పోటీదారులతో మాట్లాడవచ్చు. అయినా నేను మార్షల్‌గా, అంటే దారి పక్కన నిలబడి పోటీ భద్రత చూసుకునే మనిషిగా, వెళ్లడాన్నే ఇష్టపడతాను. ఈ దేశంలో మోటారు పోటీల మార్షళ్లందరూ జీతం లేని స్వచ్ఛంద సేవకులే. ఈ క్రీడను పర్యవేక్షించే మోటార్‌స్పోర్ట్ యూకే సంస్థ దగ్గర నమోదు చేసుకోవడానికి రుసుము లేదు. ఆన్‌లైన్‌లో ప్రాథమిక పాఠాలు పూర్తిచేస్తే, మొదట్లో అనుభవజ్ఞుల పక్కన శిక్షార్థిగా నిలబెడతారు. ఒంటినంతా కప్పే నారింజ రంగు ఓవరాల్ మాత్రం మనమే సమకూర్చుకోవాలి. దాని కింద నైలాను బట్టలు వేసుకోకూడదు, మంట తగిలితే ఒంటికి అంటుకుపోతాయి కనుక నూలు బట్టలే వేసుకోవాలి. బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్ బాలాజీ గుడిలో పండగ రోజున వడ్డనకు నిలబడ్డవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు: ఎవరూ ఎవరి ఉద్యోగమేమిటో అడగరు, గరిటె చేతికిస్తారు, వరుస చూపిస్తారు, పని మొదలవుతుంది.

ఇక బస సంగతి. వూస్టర్‌లో హోటళ్లకు కొదవ లేదు. రైలు స్టేషను, సెవెర్న్ నది ఒడ్డున పెద్ద చర్చి, రాత్రి పది దాటినా దొరికే భోజనం, అన్నీ ఉన్నాయి. కుటుంబంతో వచ్చేవారికి, నడుం నొప్పి ఉన్నవారికి నేను నిస్సంకోచంగా వూస్టరే సూచిస్తాను. అయితే అక్కడి నుంచి బ్రాడ్‌హీత్, మార్ట్‌లీల మీదుగా వచ్చే దారి ఇరుకైనది, మలుపులతో నిండినది. ఉదయం మార్షళ్ల హాజరు వేళకు చేరాలంటే హోటల్లో ఫలహారం మొదలుకాకముందే బయలుదేరాలి, అంటే డబ్బు కట్టిన ఫలహారాన్ని వదులుకోవడమే. కారు లేనివారికి ఈ బస అసలు కుదరదు, ఆ వేళకు అక్కడికి చేర్చే బస్సును నమ్ముకోలేం. బ్రాడ్‌హీత్‌లో సంగీతకర్త ఎల్గర్ పుట్టిన ఇల్లు ఉంది. అభిరుచి ఉన్నవారు తిరుగు ప్రయాణంలో ఆగవచ్చు, పోయేటప్పుడు మాత్రం తీరిక ఉండదు.

రెండో మార్గం దగ్గరి పల్లెల్లో పబ్బుల మీద ఉండే గదులు. ఒక ఏడాది అలాంటి గదిలో దిగాను. గది శుభ్రంగా ఉంది, దుప్పటి మందంగా ఉంది, కిటికీ తెరిస్తే హాప్ తోటలు కనిపించాయి. పందెం వారాంతమని అద్దె పెంచడంలో తప్పు లేదు కానీ, శాకాహారమని ముందే చెప్పినా రాత్రి భోజనంలో ఉడికించిన బఠానీలు, వేయించిన బంగాళాదుంపలు తప్ప ఏమీ లేవని యజమాని తేల్చి చెప్పాడు. ఉదయం నేను లేచేసరికి వీధి తలుపుకు తాళం వేసి ఉంది, తాళంచెవి ఎక్కడుందో చెప్పేవారు లేరు. వంటగది తలుపులోంచి బయటపడ్డాను. పల్లె గదిలో దిగేవారు తెల్లవారుజామున బయటికి వెళ్లే దారి ఏదో ముందు రాత్రే అడిగి పెట్టుకోవడం మంచిది.

మూడోది, ఇప్పుడు నేను ఎంచుకునేది, పొలంలో గుడారం. మార్షళ్లకు గుడారం వేసుకునే చోటు ఉచితంగా ఇచ్చారు. సౌకర్యాలు మితంగానే ఉన్నాయి. మరుగుదొడ్లు శనివారం ఉదయం శుభ్రంగా, ఆదివారం మధ్యాహ్నానికి సహించదగినంతగా ఉన్నాయి, స్నానాల గదికి వరుస తప్పదు, లోయ కావడం వల్ల ఫోను సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది. నేల వాలుగా ఉంటుంది కాబట్టి తల ఎత్తు వైపు ఉండేలా పడుకోవాలి, లేకపోతే నిద్ర పట్టదు. ఆగస్టులో కూడా రాత్రి మంచు కురిసి గుడారం బట్ట తడిసిపోతుంది. ఇన్ని చెప్పి కూడా గుడారాన్నే మెచ్చుకోవడానికి కారణం, శనివారం సాయంత్రం పరుగులు ముగిశాక ప్యాడక్‌లో జరిగేదంతా అక్కడ ఉన్నవారికే దక్కుతుంది, హోటలుకు వెళ్లిపోయినవారికి దక్కదు.

ఆ సాయంత్రం ఒక కారుకు చక్రాలను తిప్పే ఇరుసు, డ్రైవ్‌షాఫ్ట్, విరిగింది. అదే తరగతిలో దాని వెనకే ఉన్న పోటీదారుడు తన వ్యాన్‌లోంచి విడి షాఫ్టు తెచ్చి ఇవ్వడమే కాకుండా, మోకాళ్ల మీద కూర్చుని లాంతరు వెలుగులో బిగించడానికి సాయం కూడా చేశాడు. మర్నాడు ఆ కారు నడిస్తే తన స్థానం పోతుందని అతనికి తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తనే లేదు, ఎంత బలంగా బిగించాలన్న దాని మీదే వాదించుకున్నారు. ఈ క్రీడలో ఒకే కారును ఇద్దరు పంచుకుని, వేర్వేరు వేళల్లో నడిపి, ఒకరి మీద ఒకరు పోటీ పడటం మామూలు. ఒక తండ్రీ కూతురూ అలా నడిపారు. కూతురు తండ్రి కంటే వేగంగా వచ్చినప్పుడల్లా ఆయన టైర్ల గాలి తానే సరిచేశానని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. మా బావమరిది తెచ్చిన పప్పుచెక్కల డబ్బా ఆ గుంపులో ఒక చుట్టు తిరిగేసరికి ఖాళీ అయింది, మంట ఎక్కువైందని మాత్రం ఒక్కరూ ఒప్పుకోలేదు.

పని విషయానికొస్తే, ఉదయం ఏడున్నరకల్లా సంతకం చేసి, రేడియో, ఎర్ర జెండా, అగ్నిమాపక సిలిండర్లు, చీపుర్లు సరిచూసుకుని, తమ తమ స్థానాలకు నడిచి వెళ్లాలి. మమ్మల్ని దారి మధ్యలో ఉన్న ఎస్ ఆకారపు మలుపుల దగ్గర నిలబెట్టారు. మా బృందానికి పెద్ద ఒక విశ్రాంత నర్సు. మాటలు తక్కువ, చూపు మాత్రం ఎప్పుడూ దారి మీదే. ఆమె మొదట చెప్పింది పారిపోవలసిన దిక్కు గురించి. కారు అదుపు తప్పి మన వైపు వస్తే ఏ గట్టు వెనక్కి వెళ్లాలో ముందే చూసి పెట్టుకోమంది. దారికి వీపు చూపించకూడదు, విధిలో ఉండగా ఫోటోలు తీయకూడదు. ఫోటోల మీద మోజు ఉన్నవారు ఈ ఒక్క కారణానికే టికెట్టు కొనుక్కుని రావడం మేలు.

శనివారం కాసేపు ప్రారంభ గీత దగ్గర నిలబడి చూసే వీలు కలిగింది, ఆ దృశ్యాన్ని ఎవరూ వదులుకోవద్దు. గీత కూడా వాలు మీదే ఉంటుంది కనుక కారు వెనక్కి జారకుండా ఒక మార్షల్ పొడవాటి కర్రకు బిగించిన అడ్డుదిమ్మను వెనక చక్రం కింద పెడతాడు. దాంతో డ్రైవరు బ్రేకు మీద కాలు ఉంచనక్కర్లేదు. ఒంటి సీటు రేసు కార్ల ముక్కు దగ్గర నిలువుగా ఒక పలక ఉంటుంది, కాలం లెక్కించే కాంతి కిరణాన్ని ముందుగా తెంచేది అదే. ఆకుపచ్చ దీపం వెలిగాక కూడా డ్రైవరు తనకు తోచినప్పుడు కదలవచ్చు, గడియారం మొదలయ్యేది కారు కిరణాన్ని దాటినప్పుడే. అందుకని దీపం వెలిగాక రెండు మూడు క్షణాలు ఏమీ జరగదు, ఇంజను చప్పుడు మాత్రం పెరుగుతుంది. ఆపైన అడ్డుదిమ్మ మీద భారం తొలగి, కర్ర పట్టుకున్న మనిషి దాన్ని వెనక్కి లాక్కునే లోపలే కారు కెనెల్ మలుపు వైపు వెళ్లిపోతుంది.

ఆదివారం మధ్యాహ్నం మా మలుపులో ఒక పాత కారు నూనె కార్చుకుంటూ వెళ్లింది. రేడియోలో మాట వెళ్లింది, ప్రారంభం దగ్గర కార్లను ఆపారు. నూనె పడిన గీత పొడవునా పొడి చల్లి, బూట్లతో తొక్కి రుద్ది, చీపుర్లతో దారి పక్కకు ఊడ్చి, మళ్లీ చల్లి, మళ్లీ ఊడ్చాం. పక్క స్థానాల వాళ్లు పిలవకుండానే చీపుర్లు పట్టుకుని దిగివచ్చారు. చివర్లో మా పెద్దావిడ దారి మీద అక్కడక్కడా నిలబడి, ఒంటికాలి మీద బరువు మోపి, బూటు మడమను మెలితిప్పి చూసింది. ఒకచోట కాస్త జారింది. అక్కడ మరోసారి పొడి పడేదాకా పోటీ మొదలుపెట్టవచ్చన్న మాట ఆమె నోటి నుంచి రాలేదు, కింద ఎంతమంది ఎదురుచూస్తున్నారన్నది ఆమెకు లెక్కలోకి రాలేదు. బ్రిటిష్ హిల్‌క్లైంబ్ చాంపియన్‌షిప్ 1947 నుంచి జరుగుతోంది. దాని పాయింట్లను తేల్చే, వేగంలో ముందున్న పన్నెండుగురి చివరి పరుగులు ఆ తర్వాత ఆ మలుపు మీదుగానే సాగాయి.

షెల్స్‌లీలో పైకి వెళ్లడానికి, కిందికి రావడానికి ఒకటే దారి. పరుగు ముగించిన కార్లన్నీ పైన ఆగి, ఒక విడత కార్లు పూర్తయ్యాక వరుసగా నెమ్మదిగా దిగుతాయి. ఈ ఏర్పాటు వల్ల కార్యక్రమం ఆలస్యమవుతుందని విసుక్కునేవారున్నారు, వారి మాట పూర్తిగా కొట్టిపారేయలేం. అయితే మార్షళ్లకు పోటీదారుల ముఖాలు కనిపించేది ఆ దిగుడులోనే. హెల్మెట్ తీసేసి, చేయి ఊపుతూ, కొందరు కారు ఆపినంత పని చేసి కృతజ్ఞత చెబుతూ వెళతారు. ఆదివారం చివరి వరుస దిగేటప్పుడు మా జెండాలన్నీ ఊపాం. ఆ వరుసలో మొదటి స్థానం వచ్చినవాడెవడో, చివరివాడెవడో పోల్చుకోవడం కష్టం.

భోజనం ఇక్కడి బలహీనత. మార్షళ్లకు ఇచ్చిన మధ్యాహ్నపు సంచిలో జున్ను శాండ్‌విచ్, ఆపిల్, బిస్కెట్లు, నీళ్లు ఉన్నాయి. ప్యాడక్ క్యాంటీన్‌లో టీ వేడిగా, చవకగా దొరికింది, కానీ శాకాహారులకు ఎంపిక తక్కువ, మూడు గంటలు దాటితే అదీ ఉండదు. పులిహోరో పెరుగన్నమో కట్టుకుని రావడం వివేకం. వానకోటు, తలకు టోపీ, ఫ్లాస్కు ఈ మూడూ తప్పనిసరి.

పోల్చి చూసుకోవాలనుకునేవారికి చెల్టెన్‌హామ్ దగ్గర ప్రెస్కాట్ ఉంది. బుగాటీ ఓనర్స్ క్లబ్బు అక్కడ 1938లో పోటీలు మొదలుపెట్టింది, ప్రస్తుత దారి 1127 గజాలు. హోటళ్లు దగ్గర, తిండి మెరుగు, పక్కనే బుగాటీ ట్రస్టు ప్రదర్శనశాల ఉంది. పిల్లలతో వెళ్లేవారికి నేను దాన్నే ముందు చెబుతాను. షెల్స్‌లీలో ఆ నాగరికం లేదు. 1901లో పుట్టిన మిడ్‌లాండ్ ఆటోమొబైల్ క్లబ్బు ఈ స్థలాన్ని లీజు మీద నడుపుతోంది. పాత లీజు గడువు తీరినప్పుడు అభిమానులు విరాళాలు పోగుచేసి కొత్త లీజు సంపాదించారు. ప్యాడక్‌లో పాతకాలపు పెంకుల షెడ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయంటే, మరుగుదొడ్లు కూడా పాతకాలంలోనే ఉన్నాయంటే, రెండింటికీ కారణం అదేనని నా అనుమానం.

వచ్చే వసంతంలో ష్రాప్‌షైర్‌లోని లోటన్ పార్కులో, జింకలు తిరిగే తోటలోంచి సాగే 1475 గజాల దారి మీద నిలబడాలని ఉంది. మా బావమరిది ఈలోగా ఆన్‌లైన్ పాఠాలు పూర్తిచేసి నమోదు చేసుకున్నాడు. అతనికి సరిపడే ఓవరాల్ వెతకడం, గుడారంలో కింద పరుచుకోవడానికి ఇప్పుడున్నదానికంటే మందమైన పరుపు కొనడం మిగిలి ఉన్నాయి.