పాత్రలోకి దిగడం నేర్పే ఒక్కరోజు కార్యశాల, గుంటూరు బ్రాడీపేట: రివ్యూ

"పాత్రలోకి దిగి రాయండి" అని కథకులకు సలహా ఇచ్చేవాళ్లు బోలెడుమంది. ఎట్లా దిగాలో దగ్గరుండి చేయించేవాళ్లు తక్కువ. బ్రాడీపేటలో జరిగే ఈ కార్యశాల ఆ పనికి పూనుకుంది. పొద్దుటి పూట చాలా బాగా చేస్తుంది, మధ్యాహ్నం నుంచి అంతంతమాత్రం. ఫీజు 900 రూపాయలు, భోజనం అందులోనే. 12 మందికి మించి తీసుకోరు. ఎక్కడో ఆగిపోయిన సన్నివేశం ఒకటి రాతప్రతిగా తెచ్చుకోమంటారు. దాన్ని ఇంట్లో మర్చిపోయి వెళ్తే రోజు సగం వృథా, ఎందుకంటే చాలా అభ్యాసాలు ఆ కాగితం మీదే చేయాలి.

మొదలయ్యేది హాల్లో కాదు, మిర్చి యార్డులో. పొద్దున 7 గంటలకు గేటు దగ్గర కలవాలి. ఒక్కొక్కరికి ఒక మనిషిని అప్పగిస్తారు: సరుకు తెచ్చిన రైతు, కమీషన్ వ్యాపారి గుమస్తా, కాయ చూసే కొనుగోలుదారు, బస్తాలు మోసే ముఠా కూలీ, తాలు కాయలు (రంగు పోయి తెల్లబడినవి) ఏరే ఆడమనిషి. మొదటి అరగంట ఆ మనిషి చేతులే చూడాలి. రెండో అరగంట మాటలే వినాలి. ముఖం వైపు చూడకూడదు, ఫోటోలు తీయకూడదు, పని చేసుకునేవాళ్లను ఆపి ప్రశ్నలు వేయకూడదు. ఈ నియమాలు వింతగా అనిపించినా వెనక గట్టి కారణం ఉంది. ముఖం చూస్తే 'బాధ', 'ఆశ' అని వెంటనే పేరు పెట్టేస్తాం, రాత అక్కడే ఆగిపోతుంది. చేతులకు అలా పేరు పెట్టలేం. అవి ఏం చేస్తున్నాయో రాయక తప్పదు.

ముఠా కూలీనే తీసుకోండి. కంట్లోకి చెమట దిగితే అతను అరచేత్తో తుడుచుకోడు. భుజం ఎత్తి చొక్కా చేతికేసి రుద్దుకుంటాడు, లేదంటే మెడలో తువ్వాలు తీసి లోపలి మడతతో అద్దుకుంటాడు. అరచేతుల నిండా కారం కదా. నీళ్లతో ఎంత కడిగినా అది వదలదు. మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు కొబ్బరినూనె రాసి, ఆ తర్వాత సబ్బు పెట్టాలి. ఇంత తెలిసిన రచయిత "పని నుంచి వస్తూనే బిడ్డ చెంప నిమిరాడు" అని రాయబోయి కలం ఆపుతాడు. అతను నిమరడు. చేతులు వెనక్కి పెట్టుకుని వంగి మాట్లాడతాడు. ఆ ప్రేమ అంతా ఆ వెనక్కి పెట్టుకున్న చేతుల్లోనే కనబడుతుంది. ఒక్క వాక్యం కూడా అదనంగా అక్కర్లేదు.

ఈ భాగంలో ఇంకో మంచి అభ్యాసం ఉంది. ఒకే గుప్పెడు కాయను ముగ్గురి కళ్లతో రాయిస్తారు. కొనుగోలుదారు గుప్పిట ఊపి గింజల చప్పుడు వింటాడు. బాగా ఎండిన కాయ గలగలమంటుంది, తేమ ఉంటే మొద్దుగా ఉంటుంది. తర్వాత రంగు చూస్తాడు, తాలు ఎంత కలిసిందో చూస్తాడు. రైతుకు అదే గుప్పెట్లో పురుగుమందుల కొట్టు బాకీ, కోత కూలి కనిపిస్తాయి. కూలీ కాయ వంక చూడనే చూడడు. టిక్కీ (మిర్చి బస్తా) కుట్టు సరిగా పడిందా, ఏ మూల పట్టుకుంటే జారకుండా ఉంటుంది అనేదే అతని లెక్క. పాత్ర దేన్ని చూస్తుందో, దేన్ని పట్టించుకోదో తేలిపోతే స్వభావం గురించి వేరే వర్ణన అవసరం రాదు. ఫీజు డబ్బులు నా లెక్కలో ఇక్కడే గిట్టుబాటయిపోతాయి.

హాలుకు వచ్చాక మొదటి గంట ఒంటితో చేసే పని. 10 కిలోల బియ్యం సంచి భుజాన పెట్టుకుని, తెచ్చుకున్న సన్నివేశంలో సంభాషణలు పైకి చదువుతూ హాలు చుట్టూ నడవాలి. మూడో చుట్టుకే పొడుగు వాక్యాలు తెగిపోతాయి. ఊపిరి ఎక్కడ అందలేదో అక్కడ గీత పెట్టుకుని, ఆ గీతల దగ్గర మాట విరిచి మళ్లీ రాయాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లకు సంచి బదులు మెట్లెక్కి దిగే వెసులుబాటు ఇస్తారు. తర్వాత అద్దం. ఇంగ్లిష్ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ రాస్తూ రాస్తూ ఒక్కసారిగా లేచి, అద్దం ముందు ముఖం రకరకాలుగా తిప్పి, మళ్లీ బల్ల దగ్గరికి పరుగెత్తి రాసుకునేవాడని ఆయన కూతురు మేమీ రాసిపెట్టింది. ఆ పద్ధతే ఇక్కడ చేయిస్తారు, పావుగంట. సిగ్గుపడేవాళ్లకు ఇది పనిచేయదు, వాళ్లను బలవంతం చేయరు కూడా.

ఆ తర్వాత ఇచ్చే ప్రశ్నపత్రం మాత్రం దండగ. పాత్రకు ఇష్టమైన రంగు, కూర, పండగ అంటూ 60 ప్రశ్నలు. నింపడానికి ముప్పావు గంట పడుతుంది, కథలోకి ఒక్క ముక్కా రాదు. దానికి బదులు మూడు ప్రశ్నలు చాలు: ఈ మనిషి ఇప్పుడు ఎవరికి భయపడుతున్నాడు, ఏం దాస్తున్నాడు, జేబులో ఎంత ఉంది?

కుర్చీ అభ్యాసం బాగుంటుంది. పాత్రగా కూర్చున్నవాళ్లను మిగతావాళ్లు పది నిమిషాలు ప్రశ్నలడుగుతారు. జవాబులన్నీ 'నేను' అనే చెప్పాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటే, పాత్ర తన మనసును తానే విశ్లేషించుకోవడం. "చిన్నప్పటి అభద్రత వల్ల నాకు కోపం ఎక్కువ" అని కూలీ చేత చెప్పిస్తారు. శిక్షకుడు వెంటనే "ఆయన ఈ మాట అంటాడా?" అని ఆపుతాడు. ఆ ఒక్క ప్రశ్నను ఇంటికి తెచ్చుకోవాలి. చిక్కల్లా ఏమిటంటే 12 మందికీ వరసగా చేయించేసరికి రెండు గంటలవుతుంది, చివర్లో కూర్చున్నవాళ్లకు ప్రశ్నలే మిగలవు. నలుగురేసి జట్లుగా విడగొడితే ముప్పావు గంటలో తేలిపోతుంది.

యాస విషయంలో శిక్షణ ఇంకా పదునెక్కాలి. కూలీకి, రైతుకు "ఎట్టా", "చేస్తన్నా", "ఏంది" అని రాయించి, కమీషన్ వ్యాపారికి మాత్రం పత్రికల భాష పెడితే ఊరుకున్నారు. గుంటూరులో షావుకారు కూడా ఇంట్లో తమ్ముణ్ణి "ఏందిరా" అనే పిలుస్తాడు. బ్యాంకు మేనేజరు ముందు భాష మారుస్తాడు, అంతే. ఆ మారే చోటే అతని పాత్ర ఉంది. పేదవాళ్లకే యాస రాస్తే అది పాత్రలోకి దిగడం కాదు, పైనుంచి చూడటం.

భోజనం తర్వాత వచ్చే భాగంతోనే నాకు అసలు పేచీ. సొంత జీవితంలో పెద్ద దుఃఖాన్ని గుర్తు చేసుకుని, దాన్ని పాత్రకు ఎక్కించమంటారు. స్తానిస్లావ్‌స్కీ అనే రష్యన్ నాటక దర్శకుడి పేరు చెబుతారు గానీ, ఆయన చివరి ఏళ్లలో జ్ఞాపకాలను తవ్వడం తగ్గించి, చేసే పని ద్వారా భావాన్ని రప్పించే పద్ధతి వైపు మొగ్గాడనే సంగతి చెప్పరు. ఫలితం కాగితం మీద తెలిసిపోతుంది. రైతు ఏడుపు రాయబోయి అందరూ తమ ఏడుపే రాసుకున్నారు. పొద్దున చూసిన చేతులు మాయమయ్యాయి. పైగా ఈ భాగం అయ్యాక ఆ దుఃఖంలోంచి బయటికి రావడానికి ఇచ్చేది ఐదు నిమిషాలే. కనీసం పావుగంట కావాలి: కూర్చున్న చోటు మారాలి, ముఖం కడుక్కోవాలి, తన పేరు పైకి చెప్పుకోవాలి, పక్కవాళ్లతో వేరే సంగతేదైనా మాట్లాడాలి. ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు ఈ గంట వదిలేయడం మేలు, అడిగితే అభ్యంతరం చెప్పరు.

చివరి గంట మళ్లీ గాడిలో పడుతుంది. సన్నివేశాన్ని 40 నిమిషాలు ఆపకుండా 'నేను'తో రాయించి, దాన్ని 'అతను'లోకి మార్పిస్తారు. క్రియలు మార్చేస్తే సరిపోదని ఇక్కడ బాగా చెబుతారు. 'ఇవాళ', 'ఇక్కడ' అన్నవి ఉంచాలా, 'ఆ రోజు', 'అక్కడ' చేయాలా అనేది ప్రతిచోటా తేల్చుకోవాలి. ఉంచితే పాఠకుడు పాత్ర పక్కన నిలబడతాడు, మారిస్తే కథకుడి పక్కకు జరుగుతాడు. పాత్రకు కనబడనిది చొరబడిందేమో కూడా వెతకాలి. "అతని ముఖం ఎర్రబడింది" అని రాస్తే, చూసిందెవరు? చెవులు వేడెక్కడమైతే అతనికి తెలుస్తుంది.

వెళ్లేవాళ్లు ముక్కుకు కట్టుకోవడానికి మందపాటి నూలు గుడ్డ, పొడుగు చేతుల చొక్కా తప్పక చూసుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు యార్డు జోలికి పోవద్దు, ఘాటు తట్టుకోలేరు. సరుకు బాగా దిగే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య తేదీ ఎంచుకోండి. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు మొదలైతే పొద్దుటి భాగం హాల్లోనే వీడియోలతో నడిపిస్తారు, ఫీజు మాత్రం తగ్గించరు. అప్పుడు వెళ్లడం దండగ.