మాధవపట్నం దీపం ముందు గిన్యోల్

ఫ్రాన్స్‌లోని లియోన్ నుంచి వచ్చిన నలుగురు బొమ్మలాట కళాకారులతో కాకినాడ చుట్టుపక్కల ఆరు రోజులు తిరిగాను. వాళ్ల మాటలు మనవాళ్లకి తెలుగులో, మనవాళ్లవి వాళ్లకి ఫ్రెంచిలో చెప్పే పని నాది. ఇలాంటి బృందాన్ని రప్పించే ఆలోచన ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

రైలు దిగాల్సింది సామర్లకోటలో. మెయిన్ లైన్ బళ్లు అక్కడే ఆగుతాయి, మేం ఆటకి వెళ్లాల్సిన మాధవపట్నం ఊరు కూడా దగ్గర. బస మాత్రం కాకినాడలో పెట్టుకున్నాం. మొదటి లాడ్జీలో లిఫ్ట్ పనిచేయలేదు. పెట్టెలు మూడో అంతస్తుకి మోశాక ఏసీ నీళ్లు కారి ఒకదాని అడుగు తడిసింది. చెబితే "రేపు చూద్దాం సార్" అన్నారు. మర్నాడే ఇంకో హోటల్‌కి మారాం. అద్దె ఎక్కువే, కానీ కింది అంతస్తులో గదులిచ్చారు, పొద్దున్నే పెసరట్టు ఉప్మా వేడివేడిగా పంపారు. బొమ్మలతో వచ్చేవాళ్లు కింది గదులు ముందే అడిగి పెట్టుకోండి.

యానాం మీద చాలా ఆశ పెట్టుకున్నాను. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరు కదా! గోదావరి ఒడ్డు, పాత చర్చి చూసి మావాళ్లు మురిసిపోయారు. ఆట మాత్రం రక్తి కట్టలేదు. హాల్లో శాలువాలకీ ప్రసంగాలకీ గంటన్నర పోయింది. తెర లేచేసరికి పిల్లలు నిద్రపోయారు.

అసలు సంగతి మాధవపట్నంలో జరిగింది. తోలుబొమ్మలాటే బతుకుగా ఉన్న కుటుంబాల ఊరది. మేం వెళ్లేసరికి ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని సీతమ్మ బొమ్మ మోచేయి దగ్గర తెగిన దారం మళ్లీ కడుతున్నాడు. తోలు వెలుగు దాటేంత పల్చగా ఉంది. ఉలితో కొట్టిన చిల్లుల్లోంచి దీపం కాంతి దూరితేనే నగలు మెరుస్తాయట. లియోన్ బృందంలో ఒకావిడ తన చేతితొడుగు బొమ్మ గిన్యోల్‌ని ఆయన మోకాలి మీద కూర్చోబెట్టింది. ఆయన ఆ బొమ్మ టోపీ వెనక జడ పట్టుకుని చూశాడు.

"పిలకుంది కదండీ! మా జుట్టుపోలిగాడేనండీ ఈడు!"

జుట్టుపోలిగాడంటే తోలుబొమ్మలాటలో జనాన్ని నవ్వించే బొమ్మ. నేను ఆయనకి గిన్యోల్ కథ చెప్పాను. 1808 ప్రాంతంలో లారాన్ ముర్గే పుట్టించిన బొమ్మ. ముర్గే పట్టు నేసేవాడు. పని దొరక్క పళ్లు పీకే పనిలో దిగి, జనాన్ని పోగెయ్యడానికి బొమ్మలాడించేవాడు. ఆ బొమ్మ పోలీసుని కర్రతో బాదుతుంది, పెళ్లాం మాడలోన్ చేత తిట్లు తింటుంది. "మావాడికి బంగారక్క ఉందిలెండి" అన్నాడాయన.

ఆ రాత్రి తెర వెనక గిన్యోల్‌ని ఆడిస్తే నల్లటి నీడ తప్ప ఏమీ పడలేదు. చెక్క తలలోంచి వెలుగు దాటదుగా. మర్నాటి సాయంత్రానికల్లా పెద్దాయన మిగిలిన తోలు ముక్కతో గిన్యోల్‌ని కోసి, రంగులేసి తెచ్చాడు. తెర మీద బంగారక్క ఇద్దరి పిలకలూ పట్టుకుని "నా మొగుడెవడ్రా?" అంటే ఊరంతా విరగబడి నవ్వింది. ఆడించేవాళ్లు కింద పలకల మీద కాళ్లతో దబదబా తొక్కే తొక్కుడికి నా గుండె అదిరింది.

యానాంకి ఇచ్చిన రోజు కూడా ఇక్కడే ఉండాల్సింది. ఇంకోమాట, డబ్బు ముందే తేల్చుకోండి. వచ్చినవాళ్లకి పారితోషికం, ఊరివాళ్లకి శాలువా అంటే నేను ఒప్పుకోను. ఈసారి ఇద్దరికీ సమంగా ఇప్పించడానికి చాలా వాదించాల్సి వచ్చింది.

బయల్దేరేటప్పుడు పెద్దాయన అడిగాడు: "మరి మేమెప్పుడండీ ఆళ్ల ఊరెళ్లేది?"

లియోన్ ఆవిడకి ఆ మాట ఫ్రెంచిలో చెప్పాను. ఆవిడ సంచిలోంచి టేపు తీసి, తెర పొడవూ ఎత్తూ కొలిచి నోటుబుక్కులో రాసుకుంది.