ఊటీ నుంచి వస్తూ కొన్న రెండు లీటర్ల గ్రైండర్: మూడో ఏడు నడుస్తుండగా మా అనుభవం

పెళ్ళయిన కొత్తలో ఊటీ వెళ్ళి, తిరుగు ప్రయాణంలో కోయంబత్తూరులో కొన్న టేబుల్‌టాప్ వెట్ గ్రైండర్ ఇది. రెండు లీటర్లది, మూడు రాళ్ళది. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే ఇంట్లో, ఉండేదే ఇద్దరైనప్పుడు ఇది అవసరమా అని మా స్నేహితులు తరచూ అడుగుతున్నారు. అందుకే రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: కొనుక్కోండి, అయితే వంటగట్టు మీద దానికి ఖాయంగా చోటు ఇవ్వగలిగితేనే.

కరెంటుతో తిరిగే రుబ్బురోలు పుట్టిన ఊరు కోయంబత్తూరు. 1950లలో సభాపతి అనే ఆయన అక్కడ తయారుచేశారు. ఇప్పుడు ఆ ఊరి గ్రైండర్‌కి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మేం ఎక్కిన బొకారో ఎక్స్‌ప్రెస్ అక్కడి నుంచి నేరుగా విజయనగరం వచ్చేస్తుంది కాబట్టి పెట్టెని బెర్తు కింద పెట్టి తెచ్చేశాం. కానీ అంత దూరం నుంచి మోసుకురావాల్సిన పనేమీ లేదు. అలాంటివే విశాఖలోనూ, మన విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల షాపుల్లోనూ దొరుకుతున్నాయి. పది కిలోల పైచిలుకు బరువున్న వస్తువు, ఏదైనా తేడా వస్తే అడగడానికి కొన్న షాపు దగ్గర్లో ఉంటేనే మేలు.

సెలవులు అయిపోయి ఇంటికొచ్చాక అసలు కాపురం మొదలైంది. మా ఆవిడ ఉద్యోగం ఆమదాలవలసలో. పొద్దున్నే రైలు అందుకోవాలి. ఊటీలో తీరిగ్గా లేచిన ఇద్దరం ఇక్కడ ఆరింటికల్లా టిఫిన్ సంగతేంటని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. వీధి చివర బండి దగ్గర ఇడ్లీ, లేదంటే ప్యాకెట్ పిండి. ఆ ప్యాకెట్ పిండి రెండోరోజుకే పులిసిపోయేది. గ్రైండర్‌ని అట్టపెట్టెలోంచి తీసి గట్టు మీద పెట్టాక ఆ టెన్షన్ పోయింది.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం పావుకిలో మినపగుళ్ళు, చిటికెడు మెంతులు నానేస్తాం. సాయంత్రం రుబ్బే పని నాది. ముందు కాస్త నీళ్ళు పోసి రాళ్ళు తిరగనిచ్చి, పప్పుని గుప్పెడు గుప్పెడు వేస్తాను. చల్లనీళ్ళు చిలకరిస్తూ ఉండాలి, ఒక్కసారే పోస్తే పిండి జారైపోతుంది. మొదట్లో రాళ్ళు గరగరమంటాయి. పావుగంట దాటాక ఆ చప్పుడు మెత్తబడుతుంది, పిండి తెల్లగా పొంగుతూ డ్రమ్ము గోడలెక్కుతుంది. అప్పుడు గ్లాసెడు నీళ్ళలో చిన్న ముద్ద వేసి చూస్తాను. పైకి తేలితే రుబ్బు కుదిరినట్టే. మొత్తం అరగంట పని. ఈలోగా మా ఆవిడ ఇడ్లీ రవ్వ కడిగి, నీళ్ళు పిండేసి పెడుతుంది, గ్లాసు పప్పుకి రెండు గ్లాసుల రవ్వ. ఎండాకాలంలో తెల్లారేసరికి గిన్నె అంచుదాకా పొంగుతుంది. ధనుర్మాసం చలిలో మాత్రం మధ్యాహ్నమే రుబ్బేయాలి. సోమ, మంగళవారాలు ఇడ్లీ, బుధవారం మూకుడులో సన్నసెగ మీద మినపరొట్టె. మిగిలిన పిండిలో చోడిపిండి (రాగిపిండి) కలిపి అట్లు. వారం అక్కడికి గడిచిపోతుంది.

మిక్సీలోనూ రుబ్బుకోవచ్చు కదా అంటారు. తేడా నోటికి తెలుస్తుంది. మిక్సీ బ్లేడు పప్పుని కోస్తుంది, పిండి వేడెక్కుతుంది. రాయి మెల్లగా నలుపుతుంది, పిండిలోకి గాలి పట్టిస్తుంది. అందుకే అదే పప్పుకి ఎక్కువ పిండి వస్తుంది, ఇడ్లీ దూదిలా ఉంటుంది. కరెంటు భయం అక్కర్లేదు. మాది 150 వాట్ల మోటారు. అరగంట తిరిగినా యూనిట్‌లో పదోవంతు కూడా కాలదు.

దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం మా ఊళ్ళో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం కదా, ఆ పండక్కి మా అమ్మ వచ్చింది. గారెలకి రుబ్బిన పిండిని వేళ్ళతో నొక్కి చూసి, "రోట్లో రుబ్బినట్టే ఉందిరా" అంది. మా ఆవిడ వైపు తిరిగి, "మరి నువ్వు రుబ్బక్కర్లేదా అమ్మా?" అని అడిగింది. "అది మీ అబ్బాయి పని అత్తయ్యా" అంటే సంతోషంగా నవ్వింది. చుట్టాలు ఎక్కువైనప్పుడు మాత్రం దీని సత్తువ చాలదు. అరకిలో పప్పు ఒకేసారి వేస్తే పిండి అంచు దాటొస్తుంది, రెండు వాయిలు తిప్పాలి.

చాలా ఇళ్ళలో గ్రైండర్ అటకెక్కడానికి కారణం కడుగుడే. రాళ్ళు విడిగా తీసి, పిండి గీరే పలక తీసి, డ్రమ్ము మధ్యలో కుదురు చుట్టూ ఇరుక్కున్న పిండిని వేళ్ళతో లాగాలి. పిండి ఎండిందా, ఇక రాదు. మేం పిండి తీసిన వెంటనే గ్లాసు నీళ్ళు పోసి రెండు నిమిషాలు తిప్పుతాం. ఆ నీళ్ళు పిండిలోనే కలిసిపోతాయి, సగం కడుగుడు అక్కడే అయిపోతుంది. పైగా వారానికి ఒక్కసారే.

రెండో ఏడు దాటాక పప్పు వెయ్యగానే డ్రమ్ము ఆగిపోవడం మొదలైంది. బెల్టు సాగిపోయింది. కంపెనీ సర్వీసు మనిషి ఊళ్ళో దొరకలేదు. మిక్సీలు బాగుచేసే ఆయన ఒక్కపూటలో కొత్త బెల్టు వేసిచ్చాడు. పిండి గీరే పలక కూడా అరిగింది, అదొకటి మార్చాలి.

పచ్చళ్ళకి, గుప్పెడు పప్పుకి ఇది పనికిరాదు. రాళ్ళకి అందకుండా అడుగున పరుచుకుంటుంది. పెసరట్టుకి మేం ఇప్పటికీ మిక్సీనే వాడతాం. కొనేవాళ్ళు షాపులోనే డ్రమ్ము ఎత్తి చూడండి. మా ఆవిడ ఒంటిచేత్తో తియ్యగలదా అని చూసే మేం దీన్ని ఎంచుకున్నాం. కొత్తదాన్ని తెచ్చాక ఉప్పు, నూకలు వేసి నీళ్ళు తేటగా వచ్చేదాకా తిప్పి పారబొయ్యండి. రాతి పొడి పోయాకే పప్పు వెయ్యండి.