కారులో ఈ-డిఫ్ (ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్) మొరాయిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి? సర్వీస్ సెంటర్, బయటి స్పెషలిస్ట్, సొంత స్కానర్: ఏది మేలు?

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం గండిపేట నుంచి ఇంటికి వస్తున్నాను. తడి రోడ్డు, ఎడమ మలుపు, రెండో గేరు. మలుపు సగం దాటాక యాక్సిలరేటర్ తొక్కితే నా స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 245 ఎప్పుడూ మూతి లోపలికి లాక్కుంటూ వెళ్లేది. ఆ రోజు లోపలి చక్రం ఒక్కటే గిర్రున తిరిగింది. ట్రాక్షన్ లైటు మిణుకుమంది, బండి మలుపు బయటి అంచుకు జరిగింది. వాన కదా అని సర్దిచెప్పుకున్నాను. రెండు రోజుల తర్వాత పొడి రోడ్డు మీదా అదే వరస.

వారం తిరక్కుండానే సర్వీస్ సెంటర్ నుంచి నా చేతికో ఎస్టిమేట్ వచ్చింది. డిఫరెన్షియల్ లాక్ యూనిట్, అంటే ఇంజన్ బలం జారే చక్రానికే పోకుండా రెండో చక్రానికి మళ్లించే భాగం, మొత్తం మార్చాలట. లేబరూ పన్నులూ కలిపి రెండు లక్షలు దాటింది. చివరికి నాకైన ఖర్చు అందులో పదో వంతు కూడా లేదు. ఆ మధ్యలో మూడు దారులూ తొక్కాను కాబట్టి, ఏ దారి ఎంతవరకు పనికొస్తుందో నాకు అర్థమైనంత చెబుతాను.

అంతకన్నా ముందు ఒక సంగతి. ‘ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్’ అనే పేరు మీద రెండు వేర్వేరు సరుకులు తిరుగుతున్నాయి. ఒకటి ఎక్స్‌డీఎస్ లాంటిది. అందులో విడిగా లాక్ అంటూ ఏమీ ఉండదు. మలుపులో లోపలి చక్రం జారబోతే బ్రేకులను అదుపు చేసే ఏబీఎస్ యూనిటే దానికి కాస్త బ్రేకు వేసి, బలాన్ని బయటి చక్రానికి మళ్లిస్తుంది. రెండోది వీఏక్యూ. ఇది 2013లో ఏడో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ పర్ఫార్మెన్స్ ప్యాక్‌తో వచ్చింది. డిఫరెన్షియల్‌కీ కుడివైపు డ్రైవ్ షాఫ్ట్‌కీ మధ్య నూనెలో మునిగిన ప్లేట్ల క్లచ్ ఒకటి ఉంటుంది. చిన్న ఎలక్ట్రిక్ పంపు ఆ నూనెను ఒత్తి ప్లేట్లను బిగిస్తుంది. గరిష్ఠంగా 1600 న్యూటన్ మీటర్ల లాకింగ్ టార్క్ వస్తుంది. హాల్డెక్స్ కంపెనీ ఫోర్‌వీల్ డ్రైవ్ విభాగాన్ని 2011లో కొనేసిన బోర్గ్‌వార్నర్ తయారీ ఇది. అందుకే ఐదో తరం హాల్డెక్స్ పంపుకి వచ్చే జబ్బులే దీనికీ వస్తాయి. 2020లో మన దేశానికి 200 మాత్రమే వచ్చిన ఆర్‌ఎస్ 245లో ఉన్నదీ, 2025లో వచ్చిన గోల్ఫ్ జీటీఐలో ఉన్నదీ ఈ వీఏక్యూనే.

మీది ఎక్స్‌డీఎస్ బండి అయ్యుండి, ఎవరైనా ‘ఈ-డిఫ్ పోయింది’ అని బిల్లు చూపిస్తే సంతకం పెట్టకండి. అక్కడ పోయేది వీల్ స్పీడ్ సెన్సరో, దాని వైరో, ఏబీఎస్ యూనిటో. వాటిని డిఫ్ లెక్కలో కట్టాల్సిన పని లేదు.

ఇక సొంత స్కానర్ సంగతి. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరికే బ్లూటూత్ డాంగిల్ ఈ పనికి చాలదు. అది ఇంజన్ లోపాల కోడ్‌లు చదివి ఊరుకుంటుంది, డిఫరెన్షియల్ లాక్ మాడ్యూల్ (దాన్ని నడిపే చిన్న కంప్యూటర్) దాకా వెళ్లదు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి బళ్లకైతే ఓబీడీలెవెన్ గానీ వీసీడీఎస్ గానీ, ఇలాంటి స్కానర్ కావాలి. నేను స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. జీవితంలో ఒక్కసారి వాడేదానికి కొనక్కర్లేదు, మన ఊళ్లో ఈ బళ్లున్నవాళ్లలో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది.

స్కాన్ చేస్తే లాక్ మాడ్యూల్‌లో కోడ్ ఉన్నమాట నిజమే. కానీ అది ఒక్కటే లేదు. స్టీరింగ్‌లో, ఏబీఎస్‌లో, ఇంకో మాడ్యూల్‌లో కూడా కోడ్‌లున్నాయి. అన్నీ ‘వోల్టేజ్ తక్కువ’ రకం, అన్నీ అప్పుడప్పుడు వచ్చిపోయే రకం. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో, అంటే కోడ్ పడినప్పటి వివరాల్లో, తేదీ, కిలోమీటర్లు చూస్తే నాలుగూ ఒకే రోజువి. అప్పుడు గుర్తొచ్చింది. మేం ఊరెళ్లి రెండు వారాల తర్వాత వచ్చినప్పుడు బ్యాటరీ దిగిపోయి, పక్కింటి బండితో జంప్ స్టార్ట్ చేసిన రోజది. బ్యాటరీ నీరసపడితే మాడ్యూళ్లన్నీ తలా ఒక కోడ్ దాచుకుంటాయి. వాటిలో డిఫ్ పేరున్న కోడ్‌ని పట్టుకుని ఎస్టిమేట్ రాసేశారు.

రిపోర్టు సేవ్ చేసుకుని, బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేసి, కోడ్‌లు తుడిచేశాను. రాత్రంతా వదిలేశాక కూడా బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర నిలబడింది. వంద కిలోమీటర్లు తిప్పినా ఒక్క కోడూ తిరిగి రాలేదు. జబ్బు మాత్రం అలాగే ఉంది! నాకు ఈ మొత్తం వ్యవహారంలో కళ్లు తెరిపించింది ఇదే. ఉన్న కోడ్ జబ్బుది కాదు, ఉన్న జబ్బుకి కోడ్ లేదు. ఈ వ్యవస్థలో నూనె ఒత్తిడిని నేరుగా కొలిచే సెన్సర్ లేదు. పంపుకి ఎంత కరెంటు పోతోందో చూసి మాడ్యూల్ ఒత్తిడిని అంచనా కట్టుకుంటుంది. అందుకే పంపు తిరుగుతూ నూనె సరిగా తోడకపోయినా అది గమ్మున ఉండిపోవచ్చు.

స్కానర్‌తో ఇంకో అనుమానం కూడా తీరింది. రెండు నెలల ముందు గుంతలో పడి ముందు కుడి టైరు సైడ్‌వాల్ చిట్లితే, ఆ ఒక్కటే మార్చించాను. ముందు రెండు టైర్ల అరుగుదలలో తేడా ఎక్కువుంటే చక్రాల వేగం తేడాగా కనపడి లాక్ తికమకపడుతుంది. ఓఆర్‌ఆర్ మీద తిన్నగా, ఒకే వేగంతో పోతూ పక్కనున్న మావాడిని లైవ్ డేటా చూడమన్నాను. నాలుగు చక్రాల అంకెలూ దగ్గరదగ్గరగా, నిలకడగా ఉన్నాయి. సెన్సర్లు బాగున్నాయి, టైరు నేరం కాదు. స్కానర్ నన్ను అక్కడిదాకా తీసుకొచ్చింది. లోపల నూనె ఎలా ఉందో అది చూపించలేదు.

సర్వీస్ సెంటర్‌ని ఈ ఒక్క అనుభవంతో కొట్టిపారేయను. వారంటీ నడుస్తున్న బండికి అంతకు మించిన దారి లేదు, బయటివాళ్ల చేత ఒక్క బోల్టు కూడా విప్పించకూడదు. నిరుడు జీటీఐ కొన్నవాళ్లకు నా సలహా ఇదొక్కటే. ఛాసిస్ నంబర్ కొడితే కంపెనీ పంపిన సాంకేతిక సూచనలు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు వాళ్లకే కనపడతాయి. కొత్త మాడ్యూల్ బిగిస్తే దానికి ఆన్‌లైన్‌లో కోడింగ్ చేయాల్సిందీ వాళ్లే. చిక్కల్లా వారంటీ అయిపోయిన బండితోనే వస్తుంది. భాగాన్ని విప్పి పరీక్షించడం కన్నా మార్చేయడం వాళ్లకు తేలిక. మనిషి గంటలు మిగులుతాయి, కొత్త భాగానికి గ్యారంటీ ఇవ్వొచ్చు. అలాంటి చోటికి వెళ్తే డయాగ్నసిస్‌కి విడిగా ఎంత తీసుకుంటారో ముందే రాయించుకోండి. స్కాన్ రిపోర్టు ఫ్రీజ్ ఫ్రేమ్‌తో సహా ప్రింట్ అడగండి. ‘ఈ యూనిట్టే పోయిందని ఏ పరీక్షలో తేలింది?’ అని మర్యాదగా అడగండి. నేనడిగితే అడ్వైజర్ ‘సిస్టమ్ చూపిస్తోంది సార్’ అన్నాడు. నేను డయాగ్నసిస్ ఫీజు కట్టేసి కాగితం తీసుకుని వచ్చేశాను. ఆ ఫీజు వృథా పోలేదు, తర్వాత పోల్చి చూసుకోవడానికి ఆ కాగితమే పనికొచ్చింది.

మూడో దారి బయటి స్పెషలిస్ట్. నేను వెళ్లిన చోట పెద్ద బోర్డు లేదు, మూడు లిఫ్టులున్నాయి. ఆయన ఇదే కంపెనీ బళ్ల మీద ఏళ్ల తరబడి చేసి బయటికొచ్చిన మనిషి. నా ఫైలు తిరగేస్తూ, స్కానర్ ముట్టుకోకముందే అడిగాడు.

“సార్, లాక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు?”

“మార్చారన్నా, బిల్లులో ఉంది చూడండి, గేర్ ఆయిల్ అని.”

“ఇది డీఎస్‌జీ గేర్‌బాక్స్ ఆయిల్ సార్. లాక్‌కి ఆయిల్ వేరే, అది దీన్లో లేదు.”

మూడు సర్వీసులు నేను మారిందనుకుంటున్న నూనె, బండి పుట్టినప్పటి నుంచీ మారనే లేదన్నమాట. ఈ ఒక్క ముక్క మీ బిల్లుల్లోనూ వెతకండి. యూరప్‌లో ఈ నూనెకి మూడేళ్ల గడువు పెడతారు.

స్కానర్‌తో పంపును తిప్పించే అవుట్‌పుట్ టెస్ట్ పెట్టి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను పంపుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. నన్నూ వినమన్నాడు. పంపు మూలుగుతూ తిరుగుతోంది. అంటే మోటారు చావలేదు. తర్వాత నూనె దించి, పంపు ఊడదీశాడు. పంపు మూతి దగ్గర టీ జాలి కన్నా సన్నటి చిన్న జల్లెడ ఉంటుంది. దాని మీద కాటుక మెత్తినట్టు నల్లటి ముద్ద. వేలితో తీస్తే జిగురుగా సాగింది. క్లచ్ ప్లేట్లు అరిగిన పొడి నూనెలో కలిసి ఏళ్ల తరబడి అక్కడే పేరుకుంది. పంపు పీలుస్తోంది, నూనె అందడం లేదు, ప్లేట్లు బిగుసుకోవడం లేదు.

ఇక్కడే ఇంకో పోలిక ఉంది, డబ్బు అసలు తేలేది దీని మీదే. కేవలం నూనె మార్చడం, నూనెతో పాటు జల్లెడ కడగడం, పంపు మార్చడం, యూనిట్ మొత్తం మార్చడం. నూనె ఒక్కటే మారిస్తే చవక, కానీ డ్రెయిన్ బోల్టు విప్పినంత మాత్రాన జల్లెడకు పట్టిన ముద్ద రాదు. పైగా నూనె కొత్తదే కదా అని మనం నిశ్చింతగా ఉంటే, పంపు అదే అడ్డంకితో పెనుగులాడి కాలిపోతుంది. జల్లెడ కడగడానికి అదనంగా పోయేది లేబరే, కొత్త సీలు ఒకటి. నా ఓటు ప్రతిసారీ దీనికే. అవుట్‌పుట్ టెస్ట్‌లో చప్పుడే లేక, కనెక్టర్ దాకా కరెంటు వస్తూ ఉంటే పంపు పోయినట్టు. పంపు విడిగా దొరుకుతుంది, దాని కోసం యూనిట్ మొత్తం కొనక్కర్లేదు. యూనిట్ మార్చమంటే మాత్రం సాక్ష్యం చూడాలి: దించిన నూనె మాడిన వాసన కొట్టడం, అందులో వేలికి తగిలే లోహపు ముక్కలు, చక్రం తిరుగుతుంటే బేరింగు గోల. మెత్తటి నల్ల పొడి మామూలు అరుగుదలే. నా దాంట్లో ఉన్నది ఆ పొడే. బ్రేక్ క్లీనర్‌తో కడిగాక జల్లెడ అవతలి వెలుతురు కనపడింది.

బయటి స్పెషలిస్ట్‌తో ఉన్న ప్రమాదం కూడా చెప్పాలి. ఈ క్లచ్‌కి చెప్పిన నూనె తప్ప వేరేది పోయకూడదు. ‘అన్నీ ఒకటే సార్’ అంటూ డ్రమ్ములోంచి గేర్ ఆయిల్ పోసే చోటికి తీసుకెళ్తే చవకలో మొదలై ప్లేట్ల దాకా పోతుంది. కంపెనీ పార్ట్ నంబర్‌తో సీలున్న బాటిల్ నేనే తీసుకెళ్లాను, నా ముందే తెరిచారు. పాత భాగాలు చూపించడానికి వెనకాడే చోట, అవుట్‌పుట్ టెస్ట్ చేసే పరికరం లేని చోట ఈ పని చేయించొద్దు.

వేరే బళ్లవాళ్లకూ ఒక మాట. మిత్సుబిషి లాన్సర్ ఎవో ఎక్స్‌లో ఏవైసీ (వెనక చక్రాల మధ్య బలాన్ని పంచే వ్యవస్థ) పంపు తుప్పుపట్టి పోవడం ఆ బండివాళ్లందరికీ తెలిసిన బాధే, అక్కడా మొదట తేల్చాల్సింది పంపా, డిఫ్ లోపలా అన్నదే. బీఎమ్‌డబ్ల్యూ ఎమ్ బళ్ల యాక్టివ్ డిఫ్‌లో ప్లేట్లను బిగించేది ఎలక్ట్రిక్ మోటారు. జబ్బు వేరు, వెతికే వరస మాత్రం బ్యాటరీ, టైర్లు, సెన్సర్లు, నూనె, ఆ తర్వాతే లోపలి భాగం.

నన్నడిగితే, వారంటీ ఉన్నన్నాళ్లూ సర్వీస్ సెంటరే. అది దాటాక అరువు స్కానర్‌తో ఒక సాయంత్రం, ఆ రిపోర్టు పట్టుకుని స్పెషలిస్ట్ దగ్గరికి. మొత్తం యూనిట్‌కి సొమ్ము పెట్టేముందు మాత్రం ఇద్దరి చేతా చూపించాలి, ఒక్క చోటి మాట మీద పెట్టొద్దు.

బండి లిఫ్టు దించాక ఆయన బానెట్ లోపలి వైపు ఒక టేపు అతికించి మార్కర్‌తో ‘లాక్ ఆయిల్, జల్లెడ’ అని రాసి తేదీ, కిలోమీటర్లు వేశాడు. నేను దాని పక్కనే ఇంకో టేపు అతికించి ‘డీఎస్‌జీ ఆయిల్’ అని విడిగా రాశాను.