గూగుల్ స్కాలర్ ప్రొఫైల్: వెతుక్కోవడానికి సరే, తూచడానికి చాలదు

అనంతపురం శ్రీకృష్ణదేవరాయలోనో, కడప యోగి వేమనలోనో పీహెచ్‌డీకి చేరేవాళ్లు గైడ్ పేరు ఖాయం కాగానే ముందు తెరిచేది పరిశోధన పేపర్లను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్. 2004 నుంచి ఉచితంగా నడుస్తోంది. చూడ్డానికి లాగిన్ కూడా అక్కర్లేదు. మాలిక్యులర్ బయాలజీ వాళ్ల పనిని వెతికి పెట్టడంలో దీనికి సాటి లేదు. కరువును తట్టుకునే వేరుశనగ మీద ఏ చిన్న జర్నల్లోనో వచ్చిన పేపరు వైద్య, జీవశాస్త్ర పేపర్ల సూచిక పబ్‌మెడ్‌లో దొరక్కపోవచ్చు, ఇక్కడ దొరుకుతుంది. థీసిస్‌లు, ప్రీప్రింట్లు (సమీక్షకు ముందే బయట పెట్టిన పేపర్లు), సదస్సు పత్రాలు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టే ఇందులో హెచ్-ఇండెక్స్ (ఒకరి పేపర్లను మిగతావాళ్లు ఎంతగా ఉదహరించారో చెప్పే అంకె) మామూలుగా స్కోపస్ అనే ఇంకో సూచికలో కంటే ఎక్కువ ఉంటుంది. ఒకరిది ఇందులోంచి, ఇంకొకరిది అందులోంచి తీసి పక్కపక్కన పెడితే ఆ పోలిక చెల్లదు.

అసలు తలనొప్పి మన పేర్లతోనే. మన ఇంటిపేరు ముందుంటుంది, స్కాలర్ మాత్రం చివరి మాటనే ఇంటిపేరనుకుంటుంది. దాంతో సీమలో సగం మంది 'రెడ్డి' కిందకి చేరతారు, అసలు ఇంటిపేరేమో ఒక్క అక్షరమై మిగులుతుంది. వేరుశనగ జన్యువుల మీద పనిచేసేవారి ప్రొఫైల్లో (ఒకరి పేపర్లన్నీ ఒకచోట చూపే పేజీలో) గుండెజబ్బుల పేపరు, కాంక్రీటు పేపరు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎవరి ప్రొఫైలైనా చూసేటప్పుడు 'సైటెడ్ బై' (ఎన్నిసార్లు ఉదహరించారన్న) అంకె కంటే ముందు పేపర్ల శీర్షికలు మొదటి నుంచి చివరిదాకా చదవాలి. పొసగని విషయం రెండు మూడు చోట్ల తగిలిందంటే పైనున్న మొత్తాన్ని నమ్మకూడదు.

సొంత ప్రొఫైల్ పెట్టుకునేవాళ్లు యూనివర్సిటీ ఈమెయిల్‌తో వెరిఫై చేసుకోవాలి, లేకుంటే వెతికినవాళ్లకు ప్రొఫైల్ కనిపించదు. కొత్త పేపర్లను తనంతట తాను చేర్చే సెట్టింగ్ ఆపేసి, ముందు మెయిల్‌లో అడిగే సెట్టింగ్ ఎంచుకోవాలి. తప్పుడు పేపర్లు వచ్చి పడేది ముఖ్యంగా అక్కడే. ఒకే పేపరు రెండుసార్లు కనిపిస్తే రెండింటికీ టిక్ పెట్టి మెర్జ్ నొక్కితే సరి. మనవి కానివి డిలీట్ చేస్తే ట్రాష్‌లోకి పోతాయి, పొరపాటైతే వెనక్కి తెచ్చుకోవచ్చు. దీంతోపాటు ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే ఆర్కిడ్ (ORCID) నంబరు తీసుకుని, పేపరు పంపేటప్పుడే రాస్తే తర్వాత సగం గొడవ తప్పుతుంది.

ఇక అంకెల సంగతి. 2005లో భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ 12 అంటే, కనీసం 12సార్లు ఉదహరించబడిన పేపర్లు 12 ఉన్నాయని. అందులో ఎవరి చెయ్యి ఎంతో తెలీదు. ఈ రంగంలో మామూలుగా మొదటి పేరు ల్యాబ్‌లో స్వయంగా ప్రయోగాలు చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ నడిపేవారిది. 2019లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన సాగు వేరుశనగ జీనోమ్ పేపర్ల లాంటివాటికి పదుల మంది రచయితలు. నడుమ ఎక్కడో పేరున్నా సైటేషన్లు (ఉదహరింపులు) మాత్రం పూర్తిగా ఖాతాలో పడతాయి. ప్రొఫైల్ జాబితాలో పొడవైన పేర్ల వరసను చుక్కలతో కోసేస్తారు కాబట్టి పేపరు తెరిస్తే గానీ స్థానం తెలియదు.

పద్ధతుల పేపర్ల తీరు మరీ వింత. ప్రోటీన్ కొలిచే లౌరీ పద్ధతి పేపరు (1951)కు 3 లక్షలు దాటిన సైటేషన్లు. మన యల్లాప్రగడ సుబ్బారావు ఫిస్కేతో కలిసి 1925లో ఇచ్చిన ఫాస్ఫరస్ కొలత విషయంలో, పద్ధతి పేరు రాసి అసలు పేపరును ఉదహరించకుండా వదిలేసిన చోటల్లా లెక్క పడదు.

స్కాలర్‌లో క్షమించలేని లోపం ఒకటుంది. వెనక్కి తీసుకున్న పేపరు సైటేషన్లను కూడా మిగతావాటిలాగే కలిపి చూపిస్తుంది. అదే పేపరు పబ్‌మెడ్‌లో ఉంటే రిట్రాక్ట్ అయిందన్న హెచ్చరిక పైనే ఉంటుంది. ప్రోటీన్లను పట్టీలుగా (బ్యాండ్లుగా) చూపే వెస్టర్న్ బ్లాట్ బొమ్మల్లో ఒకే బ్యాండ్ రెండు చోట్ల వాడారన్న అనుమానాలు అచ్చయిన పేపర్లను తర్కించే సైటు పబ్‌పీర్‌లో చర్చకొస్తుంటాయి. గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన ముఖ్యమైన అయిదు పేపర్లనైనా ఈ రెండింటిలో వెతకాలి.

తూకానికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల (ఎన్‌ఐహెచ్) వారి ఐసైట్ (iCite) అనే సైటు మెరుగు. అది కూడా ఉచితమే. పబ్‌మెడ్ నంబర్లు ఇస్తే అదే రంగంలో, అదే కాలపు పేపర్లతో పోల్చిన నిష్పత్తి ఇస్తుంది. ఎన్‌ఐహెచ్ నిధులతో వచ్చిన పేపర్ల మధ్యస్థం 1.0. పబ్‌మెడ్‌కు ఎక్కని వ్యవసాయ జర్నళ్లు ఇందులో ఉండవు, మన వేరుశనగ వాళ్లకు అదే నష్టం.

వెతుకులాటకు అయిదుకు నాలుగున్నర, తూకానికి రెండు.