వాల్వ్ లాకౌట్ కిట్: కొనేముందు పెట్టె మీద పేర్లు చదవండి

లాకౌట్ అనగానే వైజాగ్‌లో గుర్తొచ్చేది చిట్టివలస జూట్ మిల్లు. యాజమాన్యం గేటుకు తాళం వేసి కార్మికులను బయట నిలబెట్టడమే ఆ మాటకు పాత అర్థం. మరమ్మతు వేళ ఎవరూ తెరవకుండా వాల్వుకు తాళం అన్న అర్థం తర్వాత వచ్చింది. 1989లో అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా తెచ్చిన నియమంతో ‘లాకౌట్ ట్యాగౌట్’ (తాళం, హెచ్చరిక చీటీ) జంటమాటగా ఖరారైంది. ఇక్కడ తాళం వేసేది పనివాడే, తాళంచెవి కూడా అతని జేబులోనే.

గాజువాక ఆటోనగర్‌లో అమ్మే మామూలు కిట్‌లో గేట్ వాల్వ్ చక్రాన్ని (వీల్) కప్పి తాళం వేసే డొప్పలే బాగున్నాయి. ఐదు సైజులు, 1 నుంచి 13 అంగుళాల వీల్ వరకు పడతాయి. కొలవాల్సింది వీల్ వ్యాసం, పైపు సైజు కాదు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. స్టెమ్ (వీల్ మధ్యనున్న కాడ) పైకి లేచే రకమైతే డొప్ప మధ్యనున్న బిళ్ల ఊడదీయాలి, లేకపోతే రెండు సగాలూ కలవవు. ప్యాడ్‌లాక్‌కు మామూలు ఉక్కు కొంకీ వద్దు, సముద్రపు గాలికి తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. స్టెయిన్‌లెస్ అడగండి. బాల్ వాల్వ్ క్లాంపు ఫర్వాలేదు, కాకపోతే హ్యాండిల్ నట్టు విప్పి స్పానర్‌తో స్టెమ్ తిప్పేస్తే దానికి విలువ లేదు.

కోపం తెప్పించేది పది రంగుల కేబుల్ సీళ్ల మీద ‘కార్ సీల్ లాక్’ అన్న ముద్ర. ఆ కార్ మన మారుతీ కాదు, అమెరికా వాడుకలో రైలు వ్యాగను. గూడ్సు తలుపుకు వేసిన సీలు తెగి ఉంటే ఎవరో తెరిచారని తెలుస్తుంది, అంతే, ఆపదు. ఒత్తిడి మితిమీరితే బయటికి వదిలే రిలీఫ్ వాల్వు ముందున్న ఐసొలేషన్ వాల్వు ఎప్పుడూ తెరిచే ఉండాలి కాబట్టి దానికి ఈ సీలు వేసి, డ్రాయింగులో సీఎస్‌ఓ (కార్ సీల్ ఓపెన్) అని రాస్తారు. అక్కడ సరే. మనిషి లైను విప్పుతున్నప్పుడు మాత్రం ఒక్క కటింగ్ ప్లేయర్‌తో తెగే దీన్ని తాళం అనుకోకూడదు.

డొప్ప బిగించాక వీల్ తిప్పి చూడాలి. డ్రెయిన్ తెరిచి, గేజీ సున్నాకు దిగాకే బోల్టులు వదులు చేయాలి. సీటు పాసవుతుంటే, అంటే మూసిన వాల్వు లోపలి నుంచి లీకవుతుంటే, ఎంత తాళం వేసినా లాభం లేదు, రెండు ఫ్లాంజిల (పైపు అతుకు బిళ్లల) మధ్య ఉండే స్పెక్టకిల్ బ్లైండ్‌ను నిండు వైపుకు తిప్పాల్సిందే. ఒక వైపు నిండు బిళ్ల, మరో వైపు రింగు, అచ్చం కళ్లజోడే. అది ఈ కిట్‌లో రాదు. ఫ్లాంజి సైజు, క్లాసు (ఒత్తిడి తట్టుకునే తరగతి) చెప్పి విడిగా చేయించుకోవాలి.