ఒక పెట్టెలో రాణిని చూపించి ఐదు పెట్టెలు అంటగట్టాడు: తేనెటీగలు కొనేవాళ్ళు జాగ్రత్త

మూడు రోజులైంది, కోపం తగ్గలేదు. తగ్గేదాకా ఆగకుండానే రాస్తున్నాను. ఈ వారంలోనే ఇంకో ఇద్దరు నాకు పెట్టెలు అమ్మినతనితో బేరం ఆడుతున్నారని నిన్న తెలిసింది. పేరు రాయను. రాత్రిపూట ట్రాలీ ఆటోలో ఇటాలియన్ జాతి తేనెటీగల పెట్టెలు దించి వెళ్ళే మనిషి అంటే మా వైపు తోటలవాళ్ళకు అర్థమైపోతుంది.

మామిడి పూత అయిపోయి పిందె నిలబడింది. పక్క చేలో నువ్వు పూతకొచ్చింది, గట్టు మీద వేపలు పూస్తున్నాయి, వాటి వెనకే కానుగ. మంచి రాణి ఉంటే ఇప్పుడు రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది, పెట్టె చూస్తుండగానే నిండుతుంది. ఉగాదికి ముందే ఈగలు దిగాలని తొందరపడ్డాను. పెట్టె 4,500 చొప్పున ఐదు, మొత్తం 22,500. డబ్బంతా ముందే ఫోన్‌లో పంపేశాను.

చూడకుండా కొనలేదు. నాన్నా నేనూ పగలే వెళ్ళాం. ఒక పెట్టె మూత తీసి, పొగ పట్టి, మధ్య ఫ్రేము, అంటే పట్టు ఉన్న చట్రం, ఎత్తి చూపించాడు. రాణి పొడవాటి పొట్టతో నెమ్మదిగా నడుస్తోంది, చుట్టూ ఈగలు దానివైపే తిరిగి ఉన్నాయి. ఫ్రేము నిండా పిల్ల, అంటే గదుల్లో ఎదుగుతున్న ఈగలు. ‘అన్నీ ఇలాంటివే సార్, ఒకే జాతి’ అన్నాడు. నాన్న మిగతావి కూడా తీయమన్నాడు. ‘ఊరికే తీస్తే ఈగలు చిరాకుపడి లేచిపోతాయి సార్’ అంటూ నా వైపు చూశాడు. నేను సరేనన్నాను. దారిలో నాన్న ఒకటే మాటన్నాడు: ‘సంతలో ఎద్దును కూడా పళ్ళు చూడకుండా కొనం కదరా.’ ఇంతకుముందు మూడేళ్ళు ఇంటి దగ్గర రెండు పెట్టెలు పెంచిన నాకు ఆ మాట పట్టకపోవడం నా తప్పే.

పెట్టెల్ని చీకటి పడ్డాక, ఈగలన్నీ లోపలికి చేరాక, ద్వారం మూసి కదపాలి. అది నిజం. ఆ నిజాన్నే అడ్డం పెట్టుకుని రాత్రి తొమ్మిదింటికి దించి వెళ్ళాడు. తెల్లారి ద్వారాలు తీస్తే ఐదింటి ముందూ ఈగలే. మూడు రోజులు అవి కుదురుకోవాలని ముట్టుకోలేదు. వాటి ముందు కూర్చుని చూసి సంబరపడ్డాను. ఐదో పెట్టె దగ్గర అన్నింటికంటే ఎక్కువ సందడి. ఆ వచ్చే ఈగల కాళ్ళకు పుప్పొడి ముద్దలు లేవని, ద్వారం దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుని పొర్లుతున్నాయని చూశాను. చూసి కూడా ఆలోచించలేదు. అది దోపిడీ. పక్క పెట్టెల ఈగలు అందులో మిగిలిన తేనె ఎత్తుకుపోతున్నాయి.

నాలుగో రోజు మూతలు తీశాను. మొదటిది అతను చూపించినదే, బాగుంది. రెండోదాంట్లో రాణి కనపడలేదు. టార్చి వేసి గదుల్లోకి చూస్తే ఒక్కోదాంట్లో మూడు నాలుగు గుడ్లు, అవీ అడుగున కాదు, పక్క గోడలకు అంటుకుని. రాణి పెట్టే గుడ్డు ఒక్కటే ఉంటుంది, గది అడుగున ఉంటుంది. మూసిన గదులు బల్లపరుపుగా ఉండాల్సింది, బఠాణీ గింజలు పేర్చినట్టు ఉబ్బి ఉన్నాయి. అంతా పోతు పిల్ల, అంటే మగ ఈగల పిల్ల. రాణి పోయి చాలా రోజులై, కూలీ ఈగలే (పని చేసే ఆడ ఈగలు) గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయన్నమాట. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. ఐదోదాంట్లో గుప్పెడు ఈగలు, ఫ్రేముల నిండా మైనపు పురుగు అల్లిన బూజు.

వెంటనే ఫోన్ చేశాను. ‘రాణి దాక్కుంటుంది సార్, సరిగ్గా చూడండి’ అన్నాడు. ఫోటోలు పంపాను. పది నిమిషాలకు అతనే చేశాడు. ఈసారి సార్ లేదు.

‘నువ్వే ఫ్రేము కింద నలిపేసి ఉంటావు. పొగ పట్టడం రానివాడికి పెట్టెలెందుకు?’

కూలీ ఈగ గుడ్డు నుంచి బయటికి రావడానికి 21 రోజులు పడుతుంది. రాణిని నేనే చంపి ఉంటే, అంతకుముందు అది పెట్టిన పిల్ల గదుల్లో ఉండాలి. మూడు పెట్టెల్లో కలిపి ఒక్క కూలీ పిల్ల లేదు. అంటే నాకు అమ్మేనాటికే ఆ పెట్టెల్లో రాణి లేదు, అది అతనికి తెలుసు. ఇదంతా నిదానంగానే చెప్పాను.

‘నాకు పాఠాలు చెప్పకు. పెట్టెలు అమ్మాను, డబ్బులొచ్చాయి, నా పని అయిపోయింది.’

నాన్న ఫోన్ తీసుకున్నాడు. ‘బాబూ’ అని మొదలుపెట్టాడో లేదో, ‘ముసలాయనకేం తెలుసు, ఫోన్ పెట్టేయమను’ అన్నాడు. స్పీకర్‌లో ఉంది. మా అమ్మా, పిల్లలూ విన్నారు. నాన్న ఏమీ అనలేదు, ఫోన్ నా చేతిలో పెట్టి తోటలోకి వెళ్ళిపోయాడు. 22,500 పోయినందుకు అంత బాధ లేదు. ఆ రోజు నన్ను ఆపబోయిన ఒకే ఒక్క మనిషి ఆయన, ఆయనకే ఆ మాట పడింది. నా నంబర్ బ్లాక్ చేశాడు, నాన్న నంబరూ చేశాడు.

పోనీ కొత్త రాణిని కొనిపెడదామంటే, కూలీలు గుడ్లు పెడుతున్న పెట్టెలో దాన్ని ఎక్కువసార్లు చంపేస్తాయి. వేరే పెట్టె నుంచి వారం వారం లేత పిల్ల ఫ్రేములు ఇస్తూ దారికి తేవచ్చు, కానీ ఉన్న ఒక్క మంచి పెట్టె మూడింటికి ఎక్కడ సరిపోతుంది? రేపు పొద్దున మూడింటి ఈగలనూ దులిపి, ఆ ఒక్కదాంట్లో చేరేలా చూస్తాం. నువ్వు పూత ఉండగా ఐదు పెట్టెలు కావాల్సిన చోట ఒక్కటి మిగిలింది.

కొనేవాళ్ళు పగలే వెళ్ళండి, ప్రతి పెట్టే తీయించండి, వీడియో తీసుకోండి. రాణి కనపడకపోయినా ఫర్వాలేదు, గదికి ఒక్కటి చొప్పున అడుగున గుడ్లు కనపడాలి. గుడ్డు మూడు రోజుల్లో పొదుగుతుంది కాబట్టి మూడు రోజుల కిందటైనా రాణి ఉందని తెలుస్తుంది. సగం డబ్బు వారం తర్వాతే ఇవ్వండి. ఇతనికి ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్ళు పెట్టెలు దించుకోకముందే వెళ్ళి అన్నీ తీయమనండి. తీయనంటే ఆ అడ్వాన్సు వదులుకుని వచ్చేయండి.